నడిస్తే ఓడినట్టేనా?

పరుగు పందెం అనగానే మనకి ముందుగా గుర్తొచ్చేది కుందేలూ తాబేలూ కథే. మధ్యలో ఆగిన కుందేలు ఓడిపోయిందని చిన్నప్పుడే చెప్పేశారు. ఆ నీతి ఎంతగా వంటబట్టిందంటే, పరుగు మధ్యలో నాలుగడుగులు నడిచినా ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ దిక్కులు చూస్తాం. నిజానికి కుందేలు ఓడింది ఆగినందుకు కాదు, నిద్రపోయినందుకు!

తెల్లవారుజామున మా విశాఖలో ఆర్.కె. బీచ్ రోడ్డు మీదికి వెళితే నలభై దాటిన ఆడవాళ్ళు చాలామందే కనిపిస్తారు. షుగరొచ్చిందని ఒకరు, ఒళ్ళొచ్చిందని ఒకరు, ఆ గంటైనా తనకంటూ ఉండాలని ఇంకొకరు. పరుగు మొదలుపెట్టిన చాలామందిది ఒకటే వరస. మొదటి రోజు ఉన్న ఓపికంతా పెట్టి పరిగెత్తడం, అయిదు నిమిషాలకే డొక్క పట్టుకుని కూలబడడం, "ఈ వయసులో మనకెందుకొచ్చిన పరుగులే" అనుకుంటూ ఇంటిదారి పట్టడం. వారం తిరక్కుండానే బూట్లు అటకెక్కుతాయి.

అలాంటివాళ్ళ కోసమే ఒక చక్కటి పద్ధతి ఉంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల పరుగులో అమెరికా తరఫున పాల్గొన్న జెఫ్ గాలొవే, 1974లో కొత్తవాళ్ళకి పరుగు నేర్పుతూ దీన్ని మొదలుపెట్టాడు. కాసేపు పరుగు, కాసేపు నడక, మళ్ళీ పరుగు. ఇందులో అసలు కిటుకు ఒక్కటే. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. కాళ్ళు ఇంకా హుషారుగా ఉన్నప్పుడే, మొదటి నిమిషాల నుంచే నడక మొదలవ్వాలి.

ఇందులో మాయేం లేదు. పరుగులో అడుగు పడ్డ ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. నడకలో ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉంటుంది కాబట్టి ఆ తాకిడి బాగా తగ్గుతుంది. పిక్కలకీ మోకాళ్ళకీ కాస్త తెరిపి దొరుకుతుంది. ఊపిరి కుదుటపడుతుంది. మా సముద్రపు గాలి ఉక్కలో ఒళ్ళు కాగిపోకుండా ఉంటుంది. పొలమారకుండా రెండు గుక్కల నీళ్ళు తాగొచ్చు.

"మరి వెనకబడిపోమూ?" అంటారా? 1975లో బోస్టన్ మారథాన్‌లో బిల్ రాడ్జర్స్ నీళ్ళు తాగడానికీ, బూటు లేసు కట్టుకోవడానికీ ఆగాడు. అయినా 2 గంటల 9 నిమిషాల 55 సెకన్లలో అందరికంటే ముందు చేరాడు! అంతటివాళ్ళ సంగతి మనకెందుకు అనుకుంటే, 2016లో అచ్చయిన జర్మనీ పరిశోధకుల అధ్యయనం చూడండి. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు దూరం. సాధారణ పరుగరుల్లో కొందరు ఆపకుండా పరిగెత్తారు, కొందరు ప్రతి రెండున్నర కిలోమీటర్లకీ ఒక నిమిషం నడిచారు. ఆపకుండా వెళ్ళినవాళ్ళకి సగటున 4 గంటల 7 నిమిషాలు పడితే, నడిచినవాళ్ళకి 4 గంటల 14 నిమిషాలు పట్టింది. అది లెక్కలోకి తీసుకోవలసినంత తేడా కాదని తేల్చారు. కానీ చివర్లో కండరాల నొప్పీ, నీరసం నడిచినవాళ్ళకే తక్కువ.

మా ఎదురింటి వదినగారికి నలభై ఆరేళ్ళు. బూట్లు అటకెక్కించి ఆర్నెల్లయ్యాక, ఈ సంగతి విని మళ్ళీ దించారు. అర నిమిషం పరుగు, నిమిషం నడక. అలా మూడు వారాలు చేశాక నిమిషానికి నిమిషం. ఆపైన రెండు నిమిషాల పరుగుకి ఒక నిమిషం నడక. ఫోనులో అలారం మోగితే చాలు, కాళ్ళు ఎంత బాగున్నా నడకలోకి దిగిపోతారు. ఒకరోజు ఎవరో పెద్దాయన "ఏమ్మా, ఇది పరుగా, నడకా?" అని ఎకసెక్కమాడితే, "రెండూనండీ! భోజనంలో కూరా ఉంటుంది, చారూ ఉంటుంది కదా!" అనేశారు. ఏడో నెలలో పది కిలోమీటర్లు పూర్తిచేశారు. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే వంటా చేశారు, మంచం మాత్రం ఎక్కలేదు.

మీరూ మొదలుపెడతారా? అయితే కొన్ని జాగ్రత్తలు. పరుగు నుంచి నడకకి మారేటప్పుడు చటుక్కున ఆగకండి, మెల్లగా వేగం తగ్గించండి. వెనకవాళ్ళు గుద్దుకోకుండా రోడ్డు పక్కకి జరగండి. మంచి బూట్లూ, ఒంటికి సరైన లోదుస్తులూ తప్పనిసరి. రోజు విడిచి రోజు చాలు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి కొద్దిపాటి పరుగుకే ఆయాసం వస్తుంటే "వయసైపోయింది" అనుకోకుండా హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఇందాక చెప్పిన అధ్యయనంలో గుండె మీద పడే శ్రమ మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకటిగానే ఉంది. బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగాకే దిగాలి.

ఒక్కమాట చెప్పనా? మన ఆడవాళ్ళకి ఈ పద్ధతిలో కష్టమైంది పరుగు కాదు, నడకే. పొద్దున్న లేచింది మొదలు గిన్నెలు కడిగేదాకా, "ఇక నా వల్ల కాదు" అని పడిపోతే తప్ప నడుం వాల్చకూడదని నేర్చుకున్నవాళ్ళం. ఒళ్ళు బాగున్నప్పుడే కూర్చుంటే బద్ధకమంటారని భయం. విశ్రాంతి అనేది పనికి అడ్డం కాదనీ, పనిని చివరిదాకా మోసేది అదేననీ పుస్తకాలు చెబితే నమ్మకపోవచ్చు. కాళ్ళు చెబితే నమ్ముతాం. రేపు పొద్దున్న అలారం మోగగానే సిగ్గుపడకుండా నడవండి. మధ్యాహ్నం ఇంట్లో కూడా, అలసిపోకముందే, ఒక్క పది నిమిషాలు కూర్చోండి.