నిదానంగా పలికే 206 స్వరాలు

షార్ట్‌వేవ్‌లో వాక్యము విన్న పెద్దలకు ఒక సంగతి జ్ఞాపకముండే ఉంటుంది. ప్రసంగం మంచి పట్టులో ఉండగా స్వరం సన్నగిల్లేది, బొంగురుపోయేది, మరల లేచేది. మధ్యలో పోయిన మాట పోయినట్లే. మనం రేడియోను తట్టేవాళ్ళం, పాపం! తప్పు రేడియోది కాదు.

షార్ట్‌వేవ్ తరంగం ఆకాశపు పైపొర అయిన అయనావరణాన్ని తాకి తిరిగి వస్తుంది. ఒక్క దారిన రాదు. ఒకటి నేరుగా దిగుతుంది, మరొకటి నేలను తాకి మళ్ళీ ఎగిరి, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి, కొన్ని నశిస్తాయి.

ఈ దారిలోనే డిజిటల్ ప్రసారం పంపాలంటే చిక్కు ఇంకా పెద్దది. ఒకే వాహక తరంగం మీద సెకనుకు 10,000 సంకేతాలు పంపామనుకోండి. 3 మిల్లీసెకన్లు ఆలస్యమైన ప్రతిధ్వని, ఆ తర్వాత బయలుదేరిన 30వ సంకేతం మీద వచ్చి పడుతుంది. పెద్ద రాతి మందిరంలో గబగబా ప్రసంగిస్తే ఏమౌతుందో మీకు తెలుసు గదా! నిదానించాలి. కాని నిదానిస్తే చెప్పవలసినదంతా ఎప్పటికి పూర్తవుతుంది?

ఒక్కడు గబగబా చదివే బదులు అనేకులు తలా కొంత, ఒకేసారి, నిదానంగా చదవాలి. ఇదే బహువాహక పద్ధతి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన రాబర్ట్ చాంగ్ దీని సిద్ధాంతాన్ని 1966లో ప్రచురించాడు. మన ఆకాశవాణి కూడా చేపట్టిన డిజిటల్ రేడియో మొండియాల్ దీనిమీదే నడుస్తుంది. అందులో దూరప్రసారానికి వాడే ఒక అమరికలో 10 కిలోహెర్ట్జ్‌ల వెడల్పులోనే 206 వాహకాలు ఉంటాయి. ఒక్కొక్కటి తన సంకేతాన్ని 26.66 మిల్లీసెకన్లు పట్టి ఉంచుతుంది. మొదటి 5.33 మిల్లీసెకన్లను రేడియో విడిచిపెడుతుంది. పాత సంకేతపు ప్రతిధ్వని ఆ లోపలే అణగిపోతుంది.

అంతమంది ఒకేసారి పలికితే గోల కాదా? ఇది అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మిగిలిన 21.33 మిల్లీసెకన్లలో ప్రతి వాహకమూ పూర్తి చుట్లు మాత్రమే తిరిగేలా వాటి మధ్య 46.875 హెర్ట్జ్‌ల ఎడం పెట్టారు. రేడియో ఒకదానిని లెక్కకట్టేటప్పుడు తక్కినవాటి ఎత్తుపల్లాలు కలిసి సున్నా అవుతాయి. ఎడం కొంచెం తప్పినా గోలే.

కొన్ని వాహకాలు నశించినా, సమాచారాన్ని అదనపు అంకెలతో అన్నిటి మీదా వెదజల్లి పంపుతారు గనుక పోయినదాన్ని తిరిగి కట్టుకోవచ్చు.

అయితే ఖర్చు లేకపోలేదు. 206 అలలూ ఎప్పుడైనా ఒక్కసారే పైకి లేస్తాయి. ఆ క్షణం కోసం ట్రాన్స్‌మిటర్‌ను దాని పూర్తి బలానికి తక్కువగా నడపాలి. మరొకటి వినేవారి బాధ: పాత రేడియో గొణుగుతూనైనా వినిపించేది. ఇందులో నష్టం హద్దు దాటిందా, శబ్దం ఒక్కసారిగా ఆగిపోతుంది.