శుక్రవారం గుడ్డు ఏమైంది?

మా నల్లపెట్టకు దిష్టి తగిలిందని పక్కింటి వదిన తేల్చేసింది. సోమవారం నుంచి నాలుగు రోజులు వరసగా గుడ్డు పెట్టిన పెట్ట, శుక్రవారం గంప వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ముందురోజు వాళ్ళింటికొచ్చిన చుట్టాలమ్మాయి ప్రహరీ మీంచి తొంగి చూసి, "అబ్బ, రోజూ పెడుతుందా!" అంది. ఇంకేం కావాలి? "వదినా, ఆ పిల్ల కళ్ళు మంచివి కావు. దాని కాలికి ఓ నల్లతాడు కట్టు" అని సలహా. నల్లకోడికి నల్లతాడు కడితే ఎవరికి కనపడుతుందో నాకు అర్థం కాలేదు.

దిష్టిని నమ్మనివాళ్ళు కూడా ఇదే సంగతి ఇంకోలా అడుగుతారు. మేత తగ్గిందా, జబ్బు చేసిందా, ముసలిదైపోయిందా అని. అందరి మనసులోనూ ఉన్న లెక్క ఒకటే: కోడంటే రోజుకో గుడ్డు. ఆ లెక్కలోనే ఉంది తప్పు. రోజుకు ఇరవైనాలుగు గంటలు. గుడ్డు తయారవడానికి పట్టేది దాదాపు ఇరవై అయిదు, ఇరవై ఆరు గంటలు.

మా ఊరికి ఒకప్పుడు నైట్‌హాల్ట్ బస్సు వచ్చేది. గుడ్డు ప్రయాణం తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ బస్సే గుర్తొస్తుంది. డిపో అంటే అండాశయం. అక్కడ పచ్చసొనలు చిన్నా పెద్దా వరసగా, ద్రాక్షగుత్తిలా ఉంటాయి. బాగా పండింది ఒకటి ఊడి గొట్టంలో పడుతుంది. అంటే బస్సు బయల్దేరినట్టు. మొదటి స్టాపులో ఆగేది పావుగంటో, మరికాస్తో. పుంజు తాలూకు వీర్యకణం ఎక్కాలంటే ఇక్కడే ఎక్కాలి. ఎక్కకపోయినా డ్రైవరు ఆగడు, ఖాళీ బస్సుతో వెళ్ళిపోతాడు. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదనేవాళ్ళకు ఇదే జవాబు. దుకాణంలో కొనే గుడ్లు దాదాపు అన్నీ ఖాళీ బస్సులే. రెండో మజిలీలో మూడు గంటల పాటు తెల్లసొన చుట్టుకుంటుంది. తర్వాత గంటా గంటంబావులో పలచటి పొరలు. ఉడికిన గుడ్డు వలిచేటప్పుడు మనల్ని ఏడిపించేవి అవే.

ఆ తర్వాత నైట్‌హాల్ట్, ఒకటీ రెండూ కాదు, ఇరవై గంటలు. పెంకు కట్టేది అక్కడే.

ఈ పెంకు సంగతి నేను కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి. దుకాణంలో దొరికే మామూలు గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. కిలోన్నర ప్రాణి ఒక్క రాత్రిలో అంత సున్నం ఎక్కణ్ణించి తెస్తుంది? పగలు తిన్న మేత నుంచి కొంత. కానీ పెంకు పని ఎక్కువగా సాగేది రాత్రి, కోడి గూట్లో కునుకు తీస్తున్నప్పుడు. కడుపులో మేత అయిపోతుంది. అప్పుడది తన ఎముకల్ని కరిగిస్తుంది. అందుకోసమే పెట్టల కాలి ఎముకల లోపల ఒక ప్రత్యేకమైన మెత్తటి ఎముక పెరుగుతుంది, గుడ్లు పెట్టే కాలంలో మాత్రమే. పగలు దాచుకోవడం, రాత్రి ఖర్చుపెట్టడం. పుంజుకు ఈ చిట్టీల వ్యవహారం లేదు, అది కూత మీద బతుకుతుంది. అందుకే నేను గుల్లసున్నం కాల్చడానికి వాడే గుల్లల్ని పొడిచేసి ఓ చిప్పలో విడిగా పెడతాను. మేతలో కలపను. ఏ పెట్టకు ఎంత కావాలో అదే వెళ్ళి తింటుంది. కొట్టిన గుడ్ల పెంకులు కూడా ఎండబెట్టి, గుడ్డు పెంకని పోలిక తెలియకుండా నలిపి ఆ చిప్పలో వేయొచ్చు.

ఎండాకాలంలో ఇంకో తంటా. కోడికి చెమట పట్టదు. మే నెల మధ్యాహ్నం రెక్కలు ఎడం చేసి, నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. పెంకుకు కాల్షియం ఒక్కటే చాలదు, ఆ వాయువు నుంచి వచ్చే కార్బొనేటూ కావాలి. అది తగ్గితే పెంకు పలచబడుతుంది. ఒక్కోసారి పెంకే లేని తోలుగుడ్డు పెడుతుంది. తోలుగుడ్డు ఇంటికి అరిష్టమని గోడ అవతలికి విసిరేసేవాళ్ళను చూశాను. విసరాల్సిన అవసరం లేదు. పెట్టను నీడకు చేర్చి చల్లటి నీళ్ళు పెడితే చాలు.

రంగు చివరి కొన్ని గంటల్లో పడుతుంది, గోడకు సున్నం వేసినట్టు. గోధుమరంగు గుడ్డుకు బలమెక్కువన్నది వట్టిమాట. తెల్లగుడ్లను టీ డికాక్షన్‌లో ముంచి నాటుగుడ్లని అమ్మేవాళ్ళకు మాత్రం ఆ మాట బాగా కలిసొచ్చింది.

సరే, శుక్రవారానికి వద్దాం. నల్లపెట్ట టైము నేను క్యాలెండరు మీద రాస్తుంటాను. సోమవారం ఎనిమిదికి పెట్టింది. మంగళవారం తొమ్మిదిన్నర. బుధవారం పదకొండు. గురువారం మధ్యాహ్నం ఒకటిన్నర. చూశారా, రోజూ ఆలస్యమే. గుడ్డు బయటికొచ్చిన అరగంటకు మామూలుగా డిపో నుంచి ఇంకో పచ్చసొన బయల్దేరాలి. కానీ బయల్దేరమనే హార్మోను ఉత్తర్వు కోడి మెదడు కింది గ్రంథి నుంచి రావాలి. అది రాత్రిపూట కొన్ని గంటల్లోనే వస్తుంది. వచ్చిన నాలుగు నుంచి ఆరు గంటలకు పచ్చసొన ఊడుతుంది. కాబట్టి మధ్యాహ్నం ఇంత పొద్దెక్కాక బస్సు కదలదు. గురువారం ఆలస్యమైపోయింది. ఆ రాత్రి ఉత్తర్వు వచ్చింది, శుక్రవారం తెల్లవారుజామున పచ్చసొన బయల్దేరింది. అందుకే శుక్రవారమంతా గుడ్డు పెట్ట కడుపులోనే ఉంది, నైట్‌హాల్ట్‌లో.

ఫారాల్లోని తెల్ల లెగ్‌హార్న్‌లు ఏడాదికి మూడొందలకు పైగా పెడతాయి కదా అంటారు. వాటికి ఆ ఆలస్యం చాలా తక్కువ. ఏళ్ళ తరబడి అలాంటి వాటినే ఏరి పెంచారు. పొదిగే బుద్ధిని కూడా ఆ ఏరివేతలోనే పోగొట్టారు. మన నాటుపెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. అప్పుడు ఒకరోజు కాదు, పిల్లలు పెద్దయ్యేదాకా గుడ్డు లేదు. రెంటికీ మధ్యస్థంగా హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ తయారుచేసింది. పెరట్లో తిరిగి బతకగలవు, గుడ్లూ బాగానే పెడతాయి. నాకు గ్రామప్రియ మీద కాస్త పక్షపాతం ఉంది, దాచను. కాకపోతే పిల్లల్ని పొదిగించాలంటే మళ్ళీ నాటుపెట్ట ఒళ్ళోకే చేరాలి.

అమెరికాలో న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కూతురు కిందటి డిసెంబరులో ఫోన్ చేసి, "అక్కా, మా కోళ్లు మూకుమ్మడిగా సమ్మె చేస్తున్నాయి" అంది. అక్కడ చలికాలం పగలు తొమ్మిది గంటలు చిల్లర. కోడి పుర్రె ఎముకలోంచే వెలుతురు మెదడుకు చేరుతుంది. కళ్ళతో పనిలేకుండానే పగటి పొడవు దానికి తెలుస్తుంది, పగలు కురచైతే గుడ్లు తగ్గిస్తుంది. మన దగ్గర డిసెంబరులోనూ పగలు పదకొండు గంటలుంటుంది కనక సమ్మె అంత గట్టిగా ఉండదు.

ఇంతా చెప్పాక ఒక హెచ్చరిక. గుడ్డు కనపడనప్పుడల్లా పెట్టే పెట్టలేదనుకోకూడదు. మా ఇంట్లో రాజా అనే కుక్కా, చారల పిల్లీ కూడా ఉన్నాయి. పిల్లిని పిల్లలకోడి ఒకసారి ముక్కు మీద పొడిచింది. అప్పటి నుంచి అది గంప దగ్గరికి వెళ్ళదు. రాజా తెలివైనవాడు. గుడ్డు పెట్టగానే పెట్ట ఊరంతా వినపడేలా కొక్కొక్కో అని చాటుతుంది కదా, ఆ కూత విన్న మరుక్షణం వీడు గంప దగ్గర తయారు. రెండు వారాలు ముంగిసను తిట్టాను. ఒకరోజు వీడి మీసాలకు పచ్చసొన అంటుకుని కనపడింది. అప్పటి నుంచి కూత వినగానే నేనూ పరుగెడుతున్నాను.

ఈ బస్సు కథంతా గోడ దగ్గర నిలబడి వదినకు చెప్పాను. రేపు ఉదయం పెడుతుంది చూడమన్నాను. ఆవిడ శ్రద్ధగా విని, "అలాగేలే" అని లోపలికెళ్ళి, గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, నేను వద్దంటున్నా పెట్టకు మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది.

శనివారం ఎనిమిది గంటలకు నల్లపెట్ట గుడ్డు పెట్టింది. ఆ కూత విని రాజా, నేనూ, వదినా ముగ్గురం ఒక్కసారే బయల్దేరాం. "చూశావా వదినా, నా ఉప్పు!" అంటూ ఆవిడ గోడ మీంచే కేకేసింది.