ఎడిటర్‌లోనే డీబగ్గర్: వాడరేవు వృత్తిపదాల గణనలో దోషనిర్ణయం

వ్యాససంగ్రహం: క్షేత్రపర్యటనలో సేకరించిన తెలుగు పాఠాన్ని ప్రోగ్రాముతో గణించేటప్పుడు ఏర్పడే దోషాలను, ఆ ప్రోగ్రామును రాసే ఎడిటర్‌లోనే డీబగ్గర్‌ను నడిపి గుర్తించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వాడరేవు, వృత్తిపదాలు, ఈమాక్స్, డీబగ్గర్, పైథాన్, యూనికోడ్.

ఉపోద్ఘాతం

చీరాలకు సమీపంలోని వాడరేవు నేటి బాపట్ల జిల్లాకు చెందిన మత్స్యకార గ్రామం. ‘వాడ’ అంటే ఓడ. భద్రిరాజు కృష్ణమూర్తి కృషితో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించింది. ఆ తరంవారు చేతితో చేసిన వర్గీకరణలో కొంత భాగాన్ని నేడు చిన్న ప్రోగ్రాముకు అప్పగించవచ్చు. వాడరేవులో సేకరించిన సంభాషణలను టైపు చేసి, పదాల పౌనఃపున్యాన్ని లెక్కించడానికి ఈ వ్యాసకర్త పైథాన్‌లో అటువంటి ప్రోగ్రామే రాశాడు. వచ్చిన పట్టికలో అన్నిటికంటే పైన ‘వ’ ఉంది. ‘వాడరేవు’ లేదు, ‘వేట’ లేదు. తప్పు ఇంత స్పష్టంగా కనబడటం అదృష్టమే. కనబడకపోతే ఆ అంకెలు సిద్ధాంతవ్యాసంలోకి వెళ్లేవి.

డీబగ్గర్ పనితీరు

డీబగ్గర్ అనేది నడుస్తున్న ప్రోగ్రామును కోరిన వాక్యం దగ్గర నిలిపి, ఆ క్షణంలో ఏ చరరాశిలో ఏ విలువ ఉన్నదో చూపే సాధనం. ప్రతి లేఖకుని ప్రతిలో పాఠదోషం ఏ ప్రతి దగ్గర ప్రవేశించిందో పరిష్కర్త వెదకడం వంటిదే ఈ పని. ముందరి ప్రతిలో సవ్యంగా ఉండి తరువాతి ప్రతిలో చెడితే, దోషం ఆ రెంటి నడుమ జరిగినట్లే.

1985లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన గ్ను ఈమాక్స్ ఎడిటర్ నుండి పైథాన్ డీబగ్గర్ పీడీబీని పిలవవచ్చు. ఎడిటర్ దానిని ఉపప్రక్రియగా నడుపుతుంది. ప్రోగ్రాము ఆగిన ప్రతిసారీ పీడీబీ ఫైలు పేరు, పంక్తి సంఖ్య ముద్రిస్తుంది. ఎడిటర్ ఆ పంక్తిని చదివి, రెండవ కిటికీలో మూలపాఠం తెరిచి, ఆగిన వాక్యం పక్కన బాణం గుర్తు నిలుపుతుంది. కంట్రోల్ నొక్కి ఉంచి ఎక్స్, ఏ, బీ వరుసగా నొక్కితే కర్సర్ ఉన్న పంక్తిలో బ్రేక్‌పాయింట్ ఏర్పడుతుంది. చివరి బీకి బదులు ఎన్ నొక్కితే ఒక వాక్యం ముందుకు, ఎస్ నొక్కితే ఆ వాక్యం పిలిచే ఫంక్షన్ లోపలికి వెళ్తాము. దోషం చూస్తున్న చోటనే దిద్దుకోగలగడం దీని సౌకర్యం. పంక్తి సంఖ్యను వేరే కిటికీలో వెదుక్కునే అవస్థ పడినవారికి దీని విలువ చెప్పనక్కరలేదు.

మొదటి దోషం

పదాలను విడదీసే వాక్యం దగ్గర ప్రోగ్రామును నిలిపి చూడగా, ముందు ‘వాడరేవు’ పూర్తిగా ఉంది. ఒక్క వాక్యం ముందుకు జరపగానే ‘వ’, ‘డర’, ‘వ’ అనే మూడు ముక్కలయింది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పదాక్షరాలను సూచించే ‘డబ్ల్యూ’ సంకేతం గుణింతపు గుర్తులను అక్షరాలుగా పరిగణించదు. మనకు వాడరేవు నాలుగు అక్షరాలు. యూనికోడ్‌కు అది ఏడు సంకేతాలు. వాటిలో మూడు గుణింతపు గుర్తులు. ఆ మూడింటి దగ్గరా పదం తెగింది.

రెండవ దోషం

‘డబ్ల్యూ’కు బదులు యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 3072 నుండి 3199 వరకు గల సంఖ్యలను పేర్కొనగా వాడరేవు, వేట పట్టికలోకి వచ్చాయి. ‘బోట్‌లు’ వంటి రూపాలు తెగకుండా, పొల్లును తరువాతి హల్లుతో కలవనీయని 8204వ అదృశ్య సంకేతాన్ని కూడా చేర్చవలసి వచ్చింది. అప్పుడు ‘ఐస్’ రెండుసార్లు, రెండు వేర్వేరు లెక్కలతో కనిపించింది.

వేల పదాలలో ప్రతిదాని దగ్గరా ఆగడం అసాధ్యం. పదంలో ‘ఐస్’ ఉన్నప్పుడే ఆగమని బ్రేక్‌పాయింట్‌కు షరతు జోడించవచ్చు. అలా ఆగినప్పుడు పదం నిడివి అడిగితే ఒకసారి 3, మరొకసారి 4 అని వచ్చింది. సంకేతాలను అంకెలుగా అడగగా మొదటిది 3088, 3128, 3149. రెండవదానికి చివర 8204 అదనం. టైపు చేసేటప్పుడు పొల్లు తరువాత అది చేరింది. తెరపై రెండూ ఒకటే.

ఈ సంకేతం చిన్నదేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను స్తంభింపజేసిన తెలుగు అక్షరంలోనూ ‘జ్ఞ’కు, దీర్ఘానికి నడుమ ఇదే ఉంది. ఆపిల్ సంస్థ 11.2.6 సవరణతో ఆ దోషాన్ని తొలగించింది.

8204ను పాఠమంతటా తొలగించడం సులభమే గాని సరికాదు. అలా చేస్తే ‘బోట్‌లు’, ‘బోట్లు’ ఒకటైపోతాయి. మత్స్యకారులు పలికిన తేడాను లిప్యంతరీకరణలో నిలిపిన గుర్తు అక్కడ చెరిగిపోతుంది. కనుక పదాంతంలో ఉన్నదానిని మాత్రమే తొలగించి, బాణం గుర్తు ఆ వాక్యాన్ని దాటిన తరువాత నిడివి మళ్లీ అడగగా రెండుచోట్లా 3 వచ్చింది.