స్టాఫ్ రూంలో అయొడిన్ చుక్క

పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ‘అన్నం తగ్గించాను’ అని పైకి చెప్పడానికి కొంచెం గుండె ధైర్యం కావాలి. వినేవాళ్లు ముందు మన మొహం వంక చూసి ‘పీక్కుపోయారండీ’ అంటారు. ఆ తర్వాత గొంతు తగ్గించి ‘షుగరా?’ అని అడుగుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా వరి మీదే బతుకుతోంది. కాలవలు, రెండు పంటలు, రైసు మిల్లులు, ధాన్యం కమీషన్ కొట్లు. ఇలాంటి చోట విస్తట్లో అన్నం వద్దంటే వడ్డించే చేతిని వద్దన్నట్టే లెక్క.

నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. మధ్యాహ్నం బెల్లు కొట్టాక మా స్టాఫ్ రూంలో నలుగురం ఒక బల్ల దగ్గర చేరి పిండి పదార్థం తగ్గించిన భోజనం చేస్తాం. నా రక్తపరీక్ష చూసి షుగర్ గుమ్మంలో నిలబడ్డారన్నారు. లెక్కల మాస్టారు గుమ్మం దాటి లోపలికి వెళ్లిపోయారు. హిందీ మేడంకు మోకాళ్ల నొప్పులు, బరువు తగ్గమని డాక్టరు మాట. నాలుగో మనిషి మా బడి ఆయా. ఆవిడకు ఏ జబ్బూ లేదు. “మీరు ముగ్గురూ కూరలు పంచుకుంటుంటే నేనొక్కదాన్నీ గోడ పక్కన కూచుని తినాలాండీ?” అంటూ గిన్నె పట్టుకుని వచ్చి కూర్చుంది. ఆవిడ రాకతోనే మా భోజనానికి రుచి వచ్చింది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదట్లో మాకందరికీ ఒకే భ్రమ ఉండేది. అన్నం మానేసి చపాతీ తింటే సరిపోతుందని మాస్టారు, కొర్రలు తింటే సరిపోతుందని హిందీ మేడం. ఉదయం నాలుగు ఇడ్లీలు ‘లైటు’గా తింటే సరిపోతుందని నేను, సైన్స్ టీచరునై ఉండి కూడా. ఒకరోజు ఆరో తరగతి పిల్లలకు చూపించిన అయొడిన్ సీసా ల్యాబ్‌లోంచి స్టాఫ్ రూంకు తెచ్చాను. పిండి పదార్థం ఉన్నచోట పలచటి అయొడిన్ చుక్క వేస్తే ముదురు నీలం తిరుగుతుంది, లేకపోతే తేనెరంగులోనే ఉండిపోతుంది. అందరి డబ్బాల్లోంచి చిటికెడు చిటికెడు తీసి ఒక పింగాణీ పలకలో పెట్టాం. అన్నం నీలం. చపాతీ ముక్క నీలం. కొర్రన్నం నీలం. ఇడ్లీ, పెసరట్టు, బంగాళాదుంప, అన్నీ నీలమే. గుడ్డు, చేప, తోటకూర, వంకాయ మాత్రం రంగు మారలేదు. ఇంకోసారి, బజార్లో కొన్న పనీరు ముక్క కూడా నీలం తిరిగింది. పాలల్లో ఉండకూడని పిండి అందులో ఉందన్నమాట. ఆ కొట్టు మానేశాం. (చుక్క వేసిన ముక్కలు పారెయ్యాలి, తినకూడదు. పిల్లలకు చెప్పినట్టే పెద్దలకూ చెప్పాల్సి వచ్చింది.)

చుక్క పిండి పదార్థం ఉందో లేదో చెబుతుంది, ఎంతుందో చెప్పదు. ఎంత అన్నదానికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన ఆహార పట్టికలు ఉన్నాయి. ఎండు గింజ వంద గ్రాములకు తెల్ల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండి పదార్థం. గోధుమపిండి, రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు తీసుకున్నా 60కి 68కి మధ్యే. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, మెల్లగా అరుగుతాయి, ఆ మేలు నిజమే. కానీ కంచం నిండా తింటే షుగర్ మీటరు ఊరుకోదు. పెసల్లో దాదాపు సగం పిండి పదార్థం, మిగతాదాంట్లో ప్రొటీనూ పీచూ దండిగా ఉంటాయి. అందుకే ఇడ్లీ కంటే పెసరట్టు నయం, ఉప్మా లేకుండా తింటేనే. ఉప్మా పెసరట్టు అంటే ప్రాణమిచ్చే ఊళ్లో ఉండి ఈ మాట అంటున్నాను, క్షమించాలి.

మాస్టారు మునుపు డబ్బాలో తెచ్చుకునేంత అన్నం తూచాం: 400 గ్రాములు. వండిన అన్నంలో వందకు 28 గ్రాములు లెక్కేస్తే ఒక్క పూటకే 110 గ్రాముల పైన. రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు తింటే దాన్ని తక్కువ పిండి పదార్థాల ఆహారం అంటారు. 50 కంటే కిందికి దిగితే కీటో. అంటే ఆయన మధ్యాహ్నం బెల్లుకే రోజు కోటా దాదాపు పూర్తి చేసేవారు. లెక్కల మనిషి కదా, ఈ కూడిక చూశాక ఆయనకు ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

కీటో జోలికి మేం పోలేదు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి విధానం మన రెండు రాష్ట్రాల్లో ఎంత ఊపు మీద ఉండేదో గుర్తుండే ఉంటుంది. కొబ్బరినూనె, నిమ్మకాయల మాట లేని వీధి లేదు. కీటో అన్నది నిజానికి మూర్ఛవ్యాధి ఉన్నవాళ్ల కోసం 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించిన పథ్యం. వైద్యుడి కనుసన్నల్లో నడవాల్సినదాన్ని పెళ్లిభోజనాల మధ్య సొంతంగా నడపడం నా వల్ల కాదనిపించింది. మాది ఉమ్మడి రాజీ: అన్నం ఒక చిన్న కప్పు, అదీ చివర్లో. ముందు కూర, గుడ్డో చేపో, ఆ తర్వాతే అన్నం. కూరలు ముందు తిని అన్నం తర్వాత తింటే భోజనమయ్యాక షుగర్ తక్కువగా పెరుగుతుందని పరిశోధనలూ చెబుతున్నాయి. మాస్టారి మీటరూ అదే చెప్పింది.

అసలు చిక్కు వేరే చోట బయటపడింది. మన కూరలు అన్నంలో కలుపుకోవడానికి వండినవి. ఉప్పు, కారం, చింతపండు అన్నీ నాలుగు ముద్దల అన్నానికి సరిపడా వేస్తాం. ఆ కూరనే గిన్నెడు ఉత్తగా తింటే నోరు మండుతుంది, సాయంత్రానికి దాహం, బీపీ ఉన్నవాళ్లకు ఇంకో తంటా. చాలామంది అన్నం తగ్గించి వారం తిరక్కుండా మళ్లీ మొదటికి రావడానికి కారణం మనసు గట్టిగా లేకపోవడమే అనుకుంటారు. నన్నడిగితే కూరలో ఉప్పు తగ్గించకపోవడం. మా బల్ల దగ్గర మొదట కుదిరిన ఒప్పందం ఇదే: పంచుకునే కూరకు ఉప్పూ కారం సగం. ఆవకాయ పక్కన పెట్టాం. పప్పు జారుగా కాకుండా పొడిపప్పు. దొండకాయ వేపుడులో కొబ్బరి కోరు ఎక్కువ, కారం తక్కువ. గుత్తొంకాయ కూరలో వేరుశనగ, నువ్వుల ముద్ద కాస్త దట్టంగా, చింతపండు పేరుకు. రొయ్యలు గోంగూరతో కంటే సొరకాయతో. బీరకాయలో కోడిగుడ్డు కొట్టి పొరటు చేస్తే గిన్నెడైనా ఇట్టే తినెయ్యొచ్చు. బొచ్చె చేప పులుసు కాకుండా పెనం మీద వేయించి, పక్కన కీరదోస పెరుగు పచ్చడి. చివర్న పల్చటి మజ్జిగ. ఇవన్నీ కొత్త వంటలు కావు, చెయ్యి కొంచెం మారిందంతే.

ఖర్చు మాట కూడా చెప్పాలి. రేషన్ బియ్యం ఉచితం, గుడ్డూ చేపా కొనాలి. అన్నం తగ్గించమని డాక్టరు చెప్పడం తేలిక, ఆ ఖాళీని దేంతో నింపాలో జీతం చెబుతుంది. మా నలుగురిలో తక్కువ జీతం ఆయాది. ఆవిడకు జాలితో ఏదైనా పెడితే తీసుకునే మనిషి కాదు. వంతులు వేసుకున్నాం, రోజుకొకరు నలుగురికీ సరిపడా ఒక కూర తేవాలి. నా వంతుకు గుడ్లు, హిందీ మేడం వంతుకు పనీరో పుట్టగొడుగులో, మాస్టారి వంతుకు చేప. ఆవిడ వంతుకు వాళ్ల పెరటి మునగాకు, బచ్చలి, అవిసాకు, వేయించిన వేరుశనగ పొడి చల్లి. కొన్న సరుకుతో మేం చేసినవన్నీ ఆవిడ మునగాకు వేపుడు ముందు వెలవెలబోతాయి. ఆవిడ వంతు రోజు పక్క గది సోషల్ మాస్టారు కూడా ఏదో పనున్నట్టు మా గదిలోకి వస్తారు.

తిన్నది ఒకరికొకరు చెప్పుకోవడం అనే అలవాటు ఈ ఆహార పద్ధతికి పుట్టుకతోనే ఉంది. విలియం బాంటింగ్ అని లండన్‌లో ఒకాయన ఉండేవాడు. రాజకుటుంబానికి కూడా అంత్యక్రియల ఏర్పాట్లు చేసిన వ్యాపారి. అరవై దాటేసరికి బూటు లేసు కట్టుకోవడానికే వంగలేనంత ఒళ్లు. చెవి సరిగా వినబడట్లేదని విలియం హార్వీ అనే వైద్యుడి దగ్గరికి వెళితే, ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు, బీరు తగ్గించమన్నాడు. ఏడాదిలో సుమారు 21 కిలోలు తగ్గాడు. 1863లో తాను ఉదయం ఏం తిన్నాడో, మధ్యాహ్నం ఏం తిన్నాడో, రాత్రికేమిటో పూసగుచ్చినట్టు రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించి మొదట ఉచితంగా పంచాడు. అతను వైద్యుడు కాదు. ‘నేనిది తిన్నాను, నాకిలా అయింది’ అని పొరుగువాడితో చెప్పే మనిషి, అంతే. జనం ఎగబడి చదివింది అందుకే అనుకుంటాను.

ఈ అన్నం గొడవతో మా తీరానికి ఇంకో పాత ముడి కూడా ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనగా పుట్టింది, 1958లో హైదరాబాదుకు వచ్చింది. పాలిష్ పట్టిన బియ్యంలో బి1 విటమిన్ పోవడం వల్ల వచ్చే ఆ జబ్బు అప్పట్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మా తీరంలోనే, ఎక్కువ. వందేళ్లుగా వైద్యులు మా కంచంలోని తెల్లన్నం వంకే చూస్తున్నారు. అదే సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దంది. రెండువేల కేలరీలు తినే మనిషి కంచంలో ధాన్యాలు 250 గ్రాములైతే, కూరగాయలు 400 గ్రాములు ఉండాలట. మన ఇళ్లలో ఈ అంకెలు తిరగబడి ఉంటాయి. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైమాటే అని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చిందంటే ఆశ్చర్యమేముంది.

ప్రోత్సాహం అంటే మనవాళ్లకు సాధారణంగా తెలిసింది రెండే: బతిమాలడం, తిట్టడం. ‘ఒక్క అరిసె తింటే ఏం కాదులెండి’ అన్నది మొదటిది, ‘నిన్న పెళ్లిలో పులిహోర తింటూ కనబడ్డారు’ అన్నది రెండోది. రెండూ మనిషిని బల్ల దగ్గర నుంచి లేపేస్తాయి. ఆత్రేయపురం పూతరేకులు ఎవరో తెచ్చి పంచిన రోజు హిందీ మేడం రెండు తిని, మర్నాడు తలనొప్పి అని వంక పెట్టి వేరేచోట తినేసింది. సిగ్గు! అప్పట్నుంచి మా దగ్గర బరువు అడగడం లేదు, రిపోర్టు అడగడం లేదు. ‘ఏం తెచ్చారు?’ ఒక్కటే ప్రశ్న. తిన్నది తిన్నట్టు చెప్పొచ్చు, ఎవరూ కనుబొమలు ఎగరెయ్యరు. “రాత్రి మా మేనకోడలి సీమంతమండీ, మూడు బొబ్బట్లు” అని ఆయా చెబితే, “నెయ్యి బాగా వేశారా?” అని మాస్టారు అడిగారు. మర్నాడు ఆవిడ మామూలుగానే వచ్చి కూర్చుంది.

మొదటి వారంలో ఇలాంటి తోడు మరీ అవసరం. ఒంట్లో నిలవ ఉన్న గ్లైకోజెన్ కరుగుతుంటే దాంతో పట్టి ఉన్న నీరూ ఉప్పూ వెళ్లిపోతాయి. తల బరువు, నీరసం, చిరాకు. కాటా మీద కిలోన్నర తగ్గితే సంబరపడిపోతాం, అందులో ఎక్కువ నీరే. ఆ తర్వాత ముల్లు కదలదు, అప్పుడు నీరుగారిపోతాం. ముందే తెలిసిన మనిషి పక్కనుంటే మజ్జిగలో చిటికెడు ఉప్పేసి ఇచ్చి ‘నాకూ ఇంతే అయింది’ అంటుంది.

అయితే తోటి టీచర్లం డాక్టర్లం కాదు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు మీటరులో అంకె మామూలుగా కనబడుతూనే రక్తంలో కీటోన్లు పేరుకునే ముప్పు ఉంది. మాస్టారు ముందు డాక్టరును అడిగి మోతాదు మార్పించుకున్నాకే కప్పు అన్నానికి దిగారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు సొంతంగా అసలు మొదలుపెట్టకూడదు. ఎదిగే పిల్లలకూ ఇది పథ్యం కాదు. మమ్మల్ని చూసి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మధ్యాహ్న భోజనంలో అన్నం వద్దందట. పిలిచి, ‘నీ కొలత వేరు, నా కొలత వేరు’ అని చెప్పి, నా ఎదురుగా తినిపించాను.

వేసవి సెలవుల్లో స్టాఫ్ రూం ఉండదు, బంగినపల్లి ఉంటుంది. హిందీ మేడం, నేను ఒకే వీధి కాబట్టి ప్రహరీ మీంచి గిన్నెలు అటూ ఇటూ తిరుగుతాయి. మాస్టారిది తణుకు, ఆయనకు ఫోను. పోయిన సెలవుల్లో ఒక సాయంత్రం ఫోను ఆయన భార్య ఎత్తారు. ఆయన ఏం తిన్నారో వరసగా చెప్పి, కాసేపాగి, “రోజూ ఆయన సంగతే అడుగుతారు, నా సంగతి ఎవరూ అడగరేంటండీ?” అన్నారు. ఆయన కప్పుకు దిగినా ఆ ఇంట్లో కుక్కర్లో పడే బియ్యం మాత్రం తగ్గలేదట. మిగిలిన అన్నం పారెయ్యలేక రాత్రి పెరుగేసుకుని ఆవిడే తినేవారట. అందరి డబ్బాలూ తూచాం, అయొడిన్ చుక్కలు వేశాం, ఆ డబ్బాలు కట్టి పంపే మనిషి ఏం తింటోందో మాకెవరికీ తట్టలేదు. జూన్‌లో ఆవిడ కూడా పరీక్ష చేయించుకున్నారు, ప్రస్తుతానికి ఫర్వాలేదన్నారట. ఇప్పుడు కుక్కర్లో గ్లాసుడే పెడుతున్నారు. మాస్టారి వంతు రోజున కూర ఏం తేవాలో ఆయన్ని అడగడం మానేసి, ముందురోజు సాయంత్రం ఆవిడకే ఫోన్ చేస్తున్నాను.