ఎలక్ట్రాను పరుగును చూచుట యెట్లు?

గిరగిర తిరుగు బొంగరముపైని గీతలు, కన్ను ఒకదానిని గ్రహించులోపలనే ముందునకు జరిగిపోవుటచే, కలిసిపోయి కనబడునుగదా. అట్లే, బోరు నమూనా ప్రకారము హైడ్రోజను కేంద్రకమును సుమారు 150 అట్టోసెకన్లలో చుట్టివచ్చు ఎలక్ట్రానును చూడవలెనన్న, అంతటి అల్పకాలమే మెఱసి ఆఱిపోవు వెలుగు కావలయును. సెకనును వందకోట్ల భాగములు చేసి, అందొక భాగమును మరల వందకోట్లుగా విభజించిన వచ్చునదే అట్టోసెకను.

ఆ వెలుగు పుట్టుట యెట్లు? తీవ్రమైన లేజరు కాంతిని జడవాయువు గుండ పంపినపుడు, కాంతియందలి విద్యుత్క్షేత్రము పరమాణువునుండి ఎలక్ట్రానును ఈడ్చి, దిశ మాఱగానే వెనుకకు తఱుమును. అది స్వస్థానము చేరుచు, దారిలో గడించిన శక్తిని అతినీలలోహిత కిరణముల మెఱపుగా విడుచును. ఎలక్ట్రానును చూపు దీపమును ఎలక్ట్రానే వెలిగించుట యెంత మనోహరము! ఇట్టి మెఱపులతోనే, 2023లో నోబెల్ బహుమానమందిన ముగ్గురిలో ఒకరగు ఫెరెన్స్ క్రౌస్ బృందము, నియాను పరమాణువునందలి వేర్వేరు కక్ష్యలనుండి వెలువడు ఎలక్ట్రానులలో ఒకటి రెండవదానికంటె 21 అట్టోసెకన్లు ఆలస్యముగా బయలుదేఱునని 2010లో కనుగొనెను.