చాంతాడంత పేరు, చేయెత్తితే ఆగే రైలు

రేణిగుంట-అరక్కోణం మార్గంలో వెంకటనరసింహరాజువారిపేట బోర్డు చదవాలంటేనే ఊపిరి బిగబట్టాలి. దాన్ని తలదన్నే స్టేషన్ బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉంది. వాడుకలో లాన్‌వైర్‌పూల్. పూర్తి పేరుకు ఇంగ్లిష్ లెక్కన 58 అక్షరాలు. ఆంగ్లెసీ దీవిలోని ఈ పల్లె పర్యాటకులను రప్పించడానికి 1860లలో తన పేరును కొండవీటి చాంతాడులా సాగదీసుకుంది. ఆ పాచిక పారింది. ఇక్కడి బోర్డు పక్కన ఫొటో దిగేవారికి నేటికీ కొదవ లేదు.

అయితే స్టేషన్‌ను నిలబెట్టింది పేరు కాదు, అవసరం. 1848 ఆగస్టు 1న ఇది మొదలైనప్పుడు దీవికి రైలు వంతెనే లేదు. ఐర్లండ్ ఓడ కోసం హోలీహెడ్ రేవుకు వెళ్లేవారు బాంగర్‌లో రైలు దిగి, గుర్రపు బళ్లలో జలసంధి దాటి, ఇక్కడ మళ్లీ రైలెక్కేవారు. 1850లో బ్రిటానియా వంతెన వచ్చాక ఇది మామూలు పల్లె స్టేషనైంది. చివరికి 1966 ఫిబ్రవరిలో మూతపడింది.

1970 మే 23 రాత్రి కొందరు కుర్రాళ్లు వంతెన లోపలికి తీసుకెళ్లిన కాగడా నుంచి మంటలు లేచాయి. దీవికి రైలు దారి తెగిపోయింది. అటువైపు రైళ్లకు చివరి మజిలీ కావలసివచ్చి, ఆరు రోజుల్లోనే ఈ స్టేషన్‌ను తెరిచారు. 1972 జనవరిలో వంతెన బాగవగానే మళ్లీ తాళం వేశారు. తిరిగి తెరిచింది 1973 మే 7న.

ఇప్పుడు సిబ్బంది లేని ఈ స్టేషన్‌లో వేల్స్ ప్రభుత్వ రైళ్లు అడిగితేనే ఆగుతాయి. దిగేవారు ముందే గార్డుకు చెప్పాలి, ఎక్కేవారు డ్రైవర్‌కు చేయెత్తి చూపాలి. బోర్డు ఎంత పొడవున్నా, ఎక్కేవారో దిగేవారో లేకపోతే రైలు సాగిపోతుంది.