తీరము చేర్చిన పడవవారు

యుద్ధచరిత్రలను చదువునపుడు మనము సేనానుల పేళ్లను, సైనికుల పరాక్రమమును జ్ఞప్తియందుంచుకొందుము. కాని సముద్రముమీదుగా వచ్చిన సేనను శత్రువుల యొడ్డున దింపిన పడవవారిని గూర్చి తలంచువా రరుదు. రెండవ ప్రపంచయుద్ధమున నీ పని చేసిన కెనడా నావికులను గూర్చి మా పాఠకులకు గొంత తెలుపగోరుచున్నాము.

వీరిలో పెక్కండ్రు స్వచ్ఛందముగా జేరిన యువకులు. సముద్రమునకు వందలకొలది మైళ్ల దూరమున, గోధుమపొలముల నడుమ బెరిగినవారును వీరిలో నుండిరి.

పెద్ద యోడ లోతునీటియందే నిలువవలెను. కావున దాని ప్రక్కల వ్రేలాడు చిన్నపడవలలో సైనికుల నెక్కించి నీటిపైకి దింపుచుండిరి. ఎల్.సి.ఏ. యనబడు నట్టి పడవ పొడవు సుమారు 41 అడుగులు. అందు దాదాపు 35 మంది సైనికులును, నలుగురు నావికులును బట్టుదురు. అడుగు చదునుగా నుండుటచే నది తక్కువ నీటిలోను బోగలదు. ముందరి తలుపును వాల్చినచో నది వంతెన యగును. నావికులలో నొకడు చుక్కాని పట్టును. మఱియొకడు వెనుక నిఱుకు గదిలో యంత్రమును గాచుచు, వెలుపల నేమి జరుగుచున్నదో కానకయే యాజ్ఞలను నెఱవేర్చును.

ఆ చదునైన యడుగే కష్టమునకును గారణము. పడవ యిసుకపై నానగానే వెనుకనుండి వచ్చు కెరటము దానిని ప్రక్కకు ద్రిప్ప జూచును. అడ్డము తిరిగిన పడవను మరల నీటిలోనికి ద్రోయుట యెంత కష్టమో మన తూర్పుతీరపు జాలరు లెఱుగుదురు. తుపాకిగుండ్లు వచ్చుచున్నను, కడపటి సైనికుడు దిగువఱకు బడవముఖము నొడ్డువైపునకే నిలుపవలెను.

1943 జూలై 10వ తేదీన నారంభమైన సిసిలీ దండయాత్రయందు నాలుగు కెనడా పడవదళములు పాల్గొనెను. రెండు సైనికులను, రెండు వాహనములను, సామగ్రిని దింపినవి. సామగ్రిని మోయు పడవలకు మొదటి దినముతో బని ముగియలేదు. ఓడలకును దీరమునకును నడుమ వారములకొలది తిరుగవలసివచ్చెను.

1944 జూన్ 6వ తేదీన నార్మండీలోని జూనో తీరమునకు ప్రిన్స్ హెన్రీ, ప్రిన్స్ డేవిడ్ అను కెనడా యోడలు తమ దేశపు సైనికులనే కొనివచ్చెను. ఇవి పూర్వము ప్రయాణికులకై కట్టబడినవి. ఇవిగాక, ఒక్కొక్కటి సుమారు 200 మందిని మోయు పెద్దపడవల దళములు మూడు కెనడావే యుండెను. శత్రువులు తీరమున గొయ్యలను, ఇనుపదూలములను బాతి, పెక్కింటికి మందుపాతరలను గట్టియుండిరి. సముద్రము క్షోభించుటచే బడవలు జాగుగా జేరెను. అంతలో బోటు పెరిగి యా యడ్డులను గప్పసాగెను. ప్రిన్స్ డేవిడ్ పడవలలో బెక్కు లిట్లే ధ్వంసమయ్యెను.

సైనికుడు తీరమున నొకసారి దిగును. పడవవాడు ఖాళీపడవతో మరలి, మఱల నదే తీరమునకు రావలెను. పడవ చక్కగా నిలిచినచో దిగినవాడు దానిని గమనింపనే గమనింపడు; నిలువనిచో నతడు తన మూటబరువుతో మునిగిపోవును. ఎవరును గమనింపనంత చక్కగా జేయుటయే యా నావికుల కర్తవ్యమై యుండెను.